పెరట్లోంచి ఇంట్లోకి

జూన్ 4

కళ్ళద్దాల షాపువాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. వాళ్ళ కౌంటర్లో కూర్చుంటున్నందుకు ఏటా ఒకటి ఇస్తారు. ఏటా అది సరుకుల చీటీలకి చిరిగిపోతుంది. ఈసారి రాయాలనిపించింది. ఇంట్లో పోట్లాడటానికి మనిషి లేదు, అందుకని.

అత్తయ్య ఆసుపత్రి నుంచి నేరుగా కూతురింటికి, మా వదిన దగ్గరికి వెళ్ళిపోయారు. పోయిన నెల వానలో పెరట్లోని బాత్‌రూమ్‌కి వెళ్తూ, బట్టలుతికే బండ దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ చేసిన డాక్టర్ ఒకటే మాట అన్నాడు. గదికి ఆనుకుని బాత్‌రూమ్ ఉంటేనే ఇంటికి తీసుకెళ్ళండి, లేకపోతే వద్దు అని. మా ఇంట్లో ఆవిడ గదికి ఆనుకుని ఉన్నది గోడ ఒక్కటే. మామయ్యగారు ఈ ఇల్లు కట్టిన రోజుల్లో బాత్‌రూమ్ ఇంట్లో పెట్టుకోవడమంటే అందరికీ రోత. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, బాత్‌రూమ్ మాత్రం పెరట్లోనే ఉండిపోయింది.

వదిన ఇంట్లో అన్నీ ఉన్నాయి. లిఫ్టు కూడా ఉంది.

సరే, గది వెనక గోడ పగలగొట్టి బాత్‌రూమ్ కట్టిద్దాం అనుకున్నాం. ఎలాగూ దుమ్ము తప్పదు కదా, మిగతావీ కానిద్దాం అన్నారు మా ఆయన. మిగతావి అంటే మూడు. నాకు వంటగట్టు. ఇప్పుడున్నది అత్తయ్య ఎత్తుకి కట్టింది, ఆవిడ నా భుజం దాకా కూడా రారు. వంగి వంగి నా నడుము పోయింది. మా అమ్మాయి పిచ్చుకకి, హాల్లో కొంత విడదీసి చిన్న గది. కాలేజీకి వచ్చిన పిల్ల ఇంకా టీవీ పక్కన కూర్చుని చదువుతోంది. ఆయనకి స్కూటర్ మీద నీడ.

మేస్త్రి ఇల్లంతా తిరిగి, నేలమీద సుద్దతో గీతలు గీసి, "ఈ డబ్బుకి నాలుగూ రావమ్మా. రెండొస్తాయి. గట్టిగా పిండితే రెండున్నర," అన్నాడు.

డబ్బు సంగతి ఇందులో ఇంక రాయను. రాసినా పెరగదు.

ఆ రెండూ ఏవో తేల్చుకోమన్నాడు. ఎవరం నోరు విప్పలేదు. మా ఇంటి జబ్బే అది. నాకిది కావాలి అని ఒక్కరూ అనరు. ఏ తీపి తెచ్చుకున్నా ఆఖరి ముక్క ఫ్రిజ్‌లోనే ఎండిపోతుంది. నేను పిచ్చుకకని ఉంచుతాను, అది వాళ్ళ నాన్నకని, ఆయన వాళ్ళమ్మకని, ఆవిడ నాకని. చివరికి చెత్తబుట్ట తింటుంది.

జూన్ 5

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూన్ 8

పని మొదలైంది. గోడ పగిలింది. తెల్లదుమ్ము జుట్టులో, టీలో, ఈ డైరీలో కూడా.

అత్తయ్యకి ఫోన్ చేశాను. "నాకిక్కడ బాగుందే. బాగా చూసుకుంటోంది," అన్నారు. ఏ చివాట్లూ లేకుండా అంత తొందరగా మాట ముగించడం ఆవిడకి అలవాటు లేదు. మందుల మత్తు అయ్యుంటుంది.

వదిన ఫోన్ తీసుకుని, "అమ్మ ఇంక నా దగ్గరే ఉంటుందిలే. ఇన్నాళ్ళూ నువ్వే చేశావు. ఆ కట్టుబడి గొడవంతా నెత్తిన వేసుకోకు, నీ వంటిల్లు బాగుచేయించుకో," అంది. ఆవిడ మంచికే అంది. మా ఆయనకి అక్క, చిన్నప్పట్నుంచీ మంచిదే.

సంతోషించాల్సిన మాటే. సంతోషంగానే ఉంది.

జూన్ 10

పొద్దున షాపుకి వెళ్ళబోతూ మేస్త్రిని పక్కకి పిలిచాను. "నా గట్టు వదిలెయ్యి. ఆ డబ్బుకూడా బాత్‌రూమ్‌లోనే పెట్టు. జారని టైల్స్ వెయ్యి, వాకర్ పట్టేంత తలుపు పెట్టు, గోడకి గట్టి పట్టుకొయ్యలు పెట్టు. ఇంట్లో ఎవరికీ చెప్పకు," అన్నాను.

మేస్త్రి నన్ను అదోలా చూసి, "మీరూనా అమ్మా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. బస్సు వచ్చేస్తోందని పరిగెత్తాను.

జూన్ 13

ఇల్లు ప్రశాంతంగా ఉంది. టీవీ రిమోట్ నా చేతిలోనే ఉంటోంది. కూరలో ఉప్పు తగ్గిందని అనేవాళ్ళు లేరు. నిన్న నిజంగానే తగ్గింది. ఆయన, పిచ్చుక తలొంచుకుని తినేశారు. ఒక్కరైనా అనొచ్చు కదా.

షాపుకి ఒక ముసలావిడ వచ్చింది. ఉన్న ఫ్రేములన్నీ పెట్టుకుని చూసి, ఇవి మనుషులు పెట్టుకునేవేనా, నీకు అమ్మడం ఎవరు నేర్పారు అని అరగంటసేపు నన్ను కడిగి ఆరేసింది. ఎందుకో ఆవిడ మీద కోపం రాలేదు. ఓనర్ని బతిమాలి ధర తగ్గించి ఇప్పించాను. మెట్లదాకా చెయ్యి పట్టుకుని దింపాను.

ఓనర్ ఆశ్చర్యపోయాడు. నేను కూడా.

జూన్ 17

కొంప మునిగింది.

షాపునుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి వంటింట్లోంచి సుత్తి దెబ్బలు. వెళ్ళి చూస్తే గట్టు లేదు. ఇటుకలు, దుమ్ము, మధ్యలో నా స్టవ్వు కుర్చీమీద కూర్చుని ఉంది. వెనక్కి పరిగెత్తాను. బాత్‌రూమ్‌కి తవ్విన పునాదుల్లో మట్టి పోసి చదును చేసేశారు. నాకు నోట మాట రాలేదు. తర్వాత చాలా వచ్చింది.

మేస్త్రి అంతా విని, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని మొదలుపెట్టాడు.

"నేను చెప్పిందే చేశానమ్మా. మీరేమన్నారు? గట్టు వద్దు, బాత్‌రూమ్ బాగా కట్టు, ఎవరికీ చెప్పకు అన్నారు. మీకంటే ముందు రోజు సార్ వచ్చారు. షెడ్డు వద్దు, మా అమ్మ బాత్‌రూమ్, మా ఆవిడ గట్టు చూడు, ఎవరికీ చెప్పకు అన్నారు. మీ అమ్మాయి కాలేజీనుంచి ఫోన్ చేసింది. నా గది వద్దంకుల్, అమ్మకి నడుం నొప్పి, గట్టు కట్టండి, ఎవరికీ చెప్పకండి అంది. నాకే తల తిరుగుతుంటే నిన్న పెద్దావిడ ఫోన్."

"ఎవరు, అత్తయ్యా?"

"ఆవిడే. నేనింక ఆ ఇంటికి రాను, నా బాత్‌రూమ్ ఆపెయ్యి, మా తాటిచెట్టు కోడలికి దాని ఎత్తుకి సరిపడా గట్టు కట్టు, వాళ్ళకి చెప్పావంటే ఊరుకోను అన్నారు. ఇంటికి పెద్దావిడ మాట కాదంటానా? పూడ్చేశాను. మీరు నలుగురూ ఒకరి మాట ఒకరికి చెప్పొద్దన్నారు, చెప్పలేదు. ఇన్నేళ్ళ పనిలో నాకిది కావాలి, నాకది కావాలి అని కొట్టుకునేవాళ్ళనే చూశాను. వద్దు వద్దని నా ప్రాణం తీసినవాళ్ళు మీరే."

ఆయన వచ్చి ఇదంతా విని స్కూటర్ మీదే కూర్చుండిపోయారు. కూలిన గట్టు, పూడిన గుంత. చేతిలో ఉన్నదాంట్లో సగం ఖర్చు. మొత్తానికి అందరం త్యాగం చేసి ఎవరికీ ఏమీ లేకుండా చేసుకున్నాం.

నేనింక ఆ ఇంటికి రాను అన్నారట. మేస్త్రితో అన్నారు. నాతో అనలేదు.

జూన్ 18

ఫోన్ చేసి అడిగేశాను.

"ఇంకెన్నాళ్ళు బతుకుతానని నా ఒక్కదానికోసం అంత ఖర్చు? నాకిక్కడ బాగుంది," అన్నారు.

"బాగుంటే ఉండండి. నేను మాత్రం బాత్‌రూమ్ కట్టించే తీరతాను. మీరొస్తే వాడుకోండి, లేదంటే తాళం వేసి పెడతాను."

"నీకు పొగరు."

"మీ దగ్గర నేర్చుకున్నదే."

ఠక్కున ఫోన్ పెట్టేశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిమెంటు దుమ్ము కళ్ళకి మంచిది కాదని మా షాపులో అందరికీ నేనే చెబుతుంటాను.

జూన్ 19

ఫోన్ లేదు.

జూన్ 20

ఫోన్ లేదు. నేనూ చెయ్యలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది అని రాయబోయి ఆగాను. ప్రశాంతమూ లేదు, పాడూ లేదు. ఆవిడ గదిలో మంచం ఎత్తి గోడకి ఆనించాం, పగిలిన గోడకి ప్లాస్టిక్ పట్టా కట్టాం. గాలికి అది టపటపా కొట్టుకుంటుంటే ఆవిడే పిలుస్తున్నారేమోనని రెండుసార్లు లేచి వెళ్ళాను.

ఆవిడ రాకపోతే ఏమవుతుంది? ఏమీ అవదు. వారానికోసారి వెళ్ళి చూసొస్తాం. పళ్ళు పట్టుకెళ్తాం. చుట్టాల్లాగా.

అలా కాకూడదు.

జూన్ 22

వదిన ఇంటికి వెళ్ళాను. ఒక్కదాన్నే.

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి మెరిసే నేల, చల్లటి గాలి. అత్తయ్య సోఫాలో కూర్చుని ఉన్నారు. ఉతికిన చీర, దువ్విన తల. వదిన ఆవిణ్ణి కళ్ళలో పెట్టుకుని చూసుకుంటోంది, అందులో అబద్ధం లేదు. లేస్తే చెయ్యి పట్టుకుంటుంది, నడిస్తే వెనకే నడుస్తుంది, గ్లాసు కూడా తనే నోటిదాకా తెస్తుంది.

"అమ్మా, మందు వేసుకో."

"సరే."

"అమ్మా, కాసేపు పడుకుంటావా?"

"సరే."

నాకు భయం వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. టీ చల్లారిందన్నా సరే అనని మనిషి. ఒంట్లో బాగోలేదేమో, నాకు చెప్పకుండా దాస్తున్నారేమో.

వదిన టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. దగ్గరికి జరిగి కూర్చున్నాను.

"గట్టు ఎంత ఎత్తు పెట్టిస్తున్నావు?" అన్నారు ముందు తనే.

"గట్టు లేదు, ఏం లేదు. ముందు మీ బాత్‌రూమ్."

"నీ నడుము?"

"నా నడుము సంగతి తర్వాత. నిజం చెప్పండి, మీకిక్కడ బాగుందా?"

"బాగుంది కాబట్టే ఉన్నాను. నువ్వు మాత్రం నేను లేకపోతే హాయిగా ఉండవూ? నీ ఇష్టం వచ్చింది వండుకుంటావు, నీ ఇష్టం వచ్చింది చూసుకుంటావు."

"చూశాను. ఏమీ బాగోలేదు. కూరలో ఉప్పు తగ్గినా అడిగే దిక్కు లేదు. మీరు రాకపోతే నన్ను తిట్టేవాళ్ళెవరు ఆ ఇంట్లో?"

అలా అనాలని వెళ్ళలేదు. నోరు జారింది. ఆవిడ చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చున్నారు.

"వాడు రమ్మన్నాడు, ఫోన్లో," అన్నారు చివరికి. "కొడుకు రమ్మనక ఏం చేస్తాడు? నువ్వు రమ్మంటావా లేదా అని చూస్తున్నాను."

"రమ్మంటున్నాను."

"అంత మెల్లగానా?"

"రండి అత్తయ్యా!" అని అరిచాను. వదిన గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

చెబితే వదిన మొహం మాడిపోయింది. "ఇక్కడ ఏం తక్కువైందమ్మా నీకు?" అని అడిగింది. ఏమీ తక్కువ కాలేదని ఇద్దరం చెప్పాం. వదిన నమ్మలేదు. చివరికి, "నేనొచ్చి చూస్తాను. డాక్టర్ చెప్పినట్టు ఉంటేనే దింపుతాను. ఏ మాత్రం తేడాగా ఉన్నా అదే కార్లో వెనక్కి తెచ్చేసుకుంటాను," అంది. న్యాయమే. ఒప్పుకున్నాను.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారంతా నవ్వుతూనే ఉన్నానేమో, పక్కావిడ కాస్త దూరం జరిగి కూర్చుంది.

జూన్ 23

పంచాయితీ పెట్టాను. హాల్లో చాప, చాపమీద మేం ముగ్గురం, స్పీకర్లో అత్తయ్య, సాక్షిగా టీ గ్లాసుతో మేస్త్రి. "ఇప్పుడు పైకి చెప్పిందే చెల్లుతుంది. తర్వాత ఎవరు ఫోన్ చేసినా ఎత్తను," అన్నాడు.

షరతు ఒకటే. ఎవరికి ఏం కావాలో వాళ్ళే చెప్పాలి. పక్కవాళ్ళకోసం అడగకూడదు.

మేస్త్రి టీ అయిపోయింది.

"నాకు బాత్‌రూమ్ కావాలి," అన్నారు అత్తయ్య ఫోన్లోంచి. "చెప్పాను. ఇంక మీరు చెప్పి చావండి."

"నాకు గట్టు ఎత్తుగా కావాలి," అన్నాను. అంతమాత్రానికే చెవులు వేడెక్కాయి.

"నాకు గది కావాలి, కానీ..." అంది పిచ్చుక.

"కానీ లేదు," అన్నాడు మేస్త్రి.

"నాకేం వద్దు," అన్నారు ఆయన. నలుగురం ఒక్కసారే అరిచాం, ఫోన్‌తో సహా. చాలాసేపు గెడ్డం గోక్కుని, "స్కూటర్ తడుస్తోంది," అన్నారు. ఆయన దగ్గర అదే పెద్ద కోరికల జాబితా.

తేలిందేమిటంటే, బాత్‌రూమ్ పూర్తిగా. గట్టు ఎలాగూ కూలింది కాబట్టి కట్టక తప్పదు, పాత ఇటుకలతోనే, మరి రెండు వరసలు పైకి. వంటింటి పక్కన పాత సామాన్ల కొట్టు ఖాళీ చేసి, కిటికీ పెట్టి పిచ్చుకకి. వెనక వరండా నుంచి ఊడదీసిన రేకులు స్కూటర్ మీదికి. ఇటుకలు శుభ్రం చేసే పని మాది, కూలీలకి ఇచ్చే స్తోమత లేదు.

జూన్ 28

ఆదివారం. పొద్దుటినుంచి ఆయనా నేనూ ఎదురెదురుగా పీటలేసుకుని, పాత ఇటుకలకి అంటుకున్న సున్నం గీకుతూ కూర్చున్నాం. ఇద్దరం కలిసి ఇంతసేపు ఒకచోట కూర్చుని ఎన్నాళ్ళయిందో. ఆయన తను పనిచేసే బస్ డిపోలో టైర్ల సెక్షన్ కబుర్లు చెప్పారు. ఒకటీ నవ్వొచ్చేది కాదు. నవ్వాను.

జూలై 2

వాన. మేస్త్రి రాలేదు.

జూలై 3

వాన. మేస్త్రి రాలేదు. ఫోన్ ఎత్తడు. అన్న మాట నిలబెట్టుకుంటున్నాడు.

జూలై 14

గోడలు లేచాయి. టైల్స్ షాపులో మిగిలిపోయిన పెట్టెలు చవగ్గా ఇచ్చారు. ఒక్క రకం సరిపోలేదు, మూడు రంగులు కలిశాయి. ఇది బాత్‌రూమా, గళ్ళ దుప్పటా అంది పిచ్చుక. జారవు, అది చాలు. నా షాపు చెప్పులు తడిపి, బూట్లు తడిపి, ఉత్తికాళ్ళతో, అన్నిరకాలుగా నడిచి చూశాను.

జూలై 18

వచ్చే వారం ఆదివారం వస్తామని వదిన ఫోన్ చేసింది. ఆ ఊపులో ఆయన బకెట్టు నీళ్ళు తెచ్చి బాత్‌రూమ్‌లో గుమ్మరించారు. నీళ్ళు కాసేపు ఆలోచించి, తూము వైపు వెళ్ళకుండా తిన్నగా అత్తయ్య గదిలోకి వచ్చేశాయి.

మేస్త్రి నీళ్ళని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ నీళ్ళని చూశాడు. "వాటం తప్పింది, నేల ఇటు వాలింది," అన్నాడు.

తడి గదిలో వాకర్ పట్టుకున్న మనిషి. వదిన అది ఒక్కసారి చూస్తే చాలు, కారు దిగనివ్వదు. నేను అరవలేదు. గది గడపమీద కూర్చుండిపోయాను. అరవకపోయేసరికి మేస్త్రికి భయమేసింది కాబోలు, "మళ్ళీ వేస్తానమ్మా, కూలి అడగను, అలా చూడకండి," అన్నాడు.

జూలై 21

టైల్స్ ఊడదీశాడు. మూడోవంతు పగిలాయి. ఇప్పుడు నాలుగు రంగులు.

జూలై 24

నీళ్ళు తూములోకే వెళ్తున్నాయి. బకెట్టు తర్వాత బకెట్టు పోసి చూశాను. పక్కింటావిడ గోడమీంచి, ఏమిటండీ పొద్దుటినుంచి కడుగుతున్నారు అని అడిగింది. "సంబరం," అన్నాను.

జూలై 26

వచ్చారు.

ఆయన కారు తలుపు తీస్తే, అత్తయ్య చెయ్యి ఇవ్వకుండా వాకర్ అడిగారు. వాకిట్లో ఆగి రేకుల షెడ్డు చూశారు. "వంకరగా వేశాడు," అన్నారు. వంటింట్లో గట్టు తన ఛాతీ దాకా వచ్చింది. "ఇంకేం, నన్ను వంటింట్లోంచి వెళ్ళగొట్టావు," అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది.

వదిన మాత్రం ఎటూ చూడకుండా నేరుగా బాత్‌రూమ్‌కి వెళ్ళింది. పట్టుకొయ్యలకి తన బరువంతా వేసి వేలాడింది. నీళ్ళు పోసి తడి నేలమీద పాదం రుద్దింది. గడప లేదని వంగి చూసింది. నేను గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. లేచి, "బాగానే కట్టించావు," అంది. ఆరిపోయిన చేతుల్నే పైటతో తుడుచుకుంటూ ఉండిపోయింది. ఆవిణ్ణి పట్టుకున్నాను. "రోజూ రా వదినా," అన్నాను.

అత్తయ్య లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. అంతలోనే భళ్ళున తెరుచుకుంది.

"దీనికి లోపల గడియ ఏదే?"

"పెట్టించలేదు అత్తయ్యా. లోపల పడితే తలుపు పగలగొట్టాల్సి వస్తుందని. డాక్టర్ కూడా..."

"నేను బాత్‌రూమ్‌కి వెళ్తుంటే డాక్టర్ వచ్చి తలుపు పట్టుకుంటాడా?"

ఆయన ఏదో సర్దిచెప్పబోయారు. ఆవిడ వినలేదు. వాకర్ మీద రెండు చేతులూ ఆనించి, వదిన వైపు చూస్తూ గొంతు తగ్గించి అన్నారు. "ఆసుపత్రిలో నర్సులు నిలబడేవారు. వీళ్ళింట్లో ఇది నిలబడేది. దీని తప్పు లేదు, నేను పడతానని దీని భయం. నేను తలుపేసుకుని రెండు నెలలైందే."

ఇన్నాళ్ళూ తలుపు వెడల్పు గురించే ఆలోచించాను. అది మూసుకోవాలని ఆవిడకి ఉంటుందని నాకు తట్టలేదు. సిగ్గేసింది.

వదిన మొహం అటు తిప్పుకుని నిలబడింది. కాసేపటికి తనే, "ఒరేయ్, వెళ్ళి గడియ పట్టుకురా," అంది తమ్ముడితో. ఆయన స్కూటర్ తీసిన చప్పుడు వినబడింది. తెచ్చాక వదిన తలుపు కదలకుండా కాలు అడ్డంపెట్టి పట్టుకుంది, ఆయన మరలు బిగించారు. కొంచెం ఒరిగింది. ఈసారి అత్తయ్య వంక పెట్టలేదు.

లోపలికి వెళ్ళారు. గడియ పడింది.

మేం నలుగురం తలుపు బయట నిలబడ్డాం. లోపల ఏ చప్పుడూ లేదు. ఇంక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, బాగానే ఉన్నారా?"

"ఉన్నానే! గుమ్మం దగ్గర గుంపుగా ఏం చేస్తున్నారు? పనుల్లేవా మీకు?"

పనులేం లేవు. అయినా వదిన వంటింట్లోకి, పిచ్చుక తన గదిలోకి, ఆయన స్కూటర్ దగ్గరికి వెళ్ళిపోయారు. నేను హాల్లో కూర్చున్నాను. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది. ఎవరం వెళ్ళి మళ్ళీ అడగలేదు.